విమర్శకుడూ, మధురవాణీ

'విమర్శ' అనే మాటకు మన వాడుకలో పాపం మంచిపేరు లేదు. "ఫలానా ఆయన పుస్తకాన్ని పత్రికలో విమర్శించారటండీ" అంటే, విన్నవాడు "అయ్యో, ఎంతమాట!" అని సానుభూతి చూపిస్తాడే గాని, "బాగుందన్నారా?" అని అడగడు. అత్తగారు కోడలి వంటను విమర్శిస్తుంది. ప్రతిపక్షం ప్రభుత్వాన్ని విమర్శిస్తుంది. వాడుకలో విమర్శ అంటే మర్యాదగా తిట్టడం.

కాని ఆ మాటను ఒకసారి పుట్టింటికి తీసుకెళ్ళి చూడండి. సంస్కృతంలో 'మృశ్' అనే ధాతువుకు తాకడం, తడిమి చూడడం అని అర్థం. ఆలోచించడం అనే అర్థం కూడా అక్కడినుంచే వచ్చింది. చీరల కొట్లో ఇల్లాలు ఏం చేస్తుంది? కొంగు చేత్తో పట్టుకుని నలిపి చూస్తుంది. వెలుతురులోకి తెచ్చి అంచు తిరగేసి చూస్తుంది. కొట్టువాడి కబుర్లు వింటూనే వుంటుంది గాని, వేళ్ళు చెప్పేదాన్నే నమ్ముతుంది. అదీ విమర్శ. చీరను తాకకుండా, గుమ్మంలో నిలబడే "ఈ కొట్లో అన్నీ నాసిరకమే" అని వెళ్ళిపోయే ఆవిడ విమర్శకురాలు కాదు. "మా మరిది కొట్టే కదా, అన్నీ మేలురకమే" అనే ఆవిడా కాదు.

నేను విమర్శకుణ్ణి కాను. పుస్తకం దొరికితే చదివి, నచ్చితే నలుగురికీ చెప్పే మామూలు పాఠకుణ్ణి. అయినా ఒక ప్రశ్న నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది. ఒక మనిషి రాత్రిళ్ళు కూర్చుని రాసిన దాన్ని, మరో మనిషి పడకకుర్చీలో కూర్చుని "బాగుంది", "బాగులేదు" అని తేల్చేస్తున్నాడే, ఆ అధికారం ఎక్కడినుంచి వచ్చింది? వచ్చిందే అనుకుందాం. దాన్ని న్యాయంగా వాడుకోవడం ఎలా? ఇది సాహిత్య ప్రశ్నలా కనిపిస్తుంది గాని, నా మట్టుకు నాకు నీతికి సంబంధించిన ప్రశ్నే.

ఈ ప్రశ్న కొత్తది కాదు. వెయ్యేళ్ళకు పైబడి, రాజశేఖరుడు 'కావ్యమీమాంస'లో దీన్ని ఎత్తుకున్నాడు. రాసేవాడికి ఎలా ప్రతిభ కావాలో, చదివేవాడికీ అలాగే ఇంకో రకం ప్రతిభ కావాలని చెప్పి, చదివేవాళ్ళను నాలుగు జాతులుగా విడదీశాడు. ఆ పేర్లు వింటే ఆయన మన వీధిలోనే కాపురం వున్నాడేమో అనిపిస్తుంది.

మొదటివాడు అరోచకి. నోటికి రుచి తెలియని మనిషి. ఏం పెట్టినా "ఊఁ, ఏముంది ఇందులో" అంటాడు. ఈ అరుచి కొందరికి పుట్టుకతో వస్తుందట, కొందరికి చదువెక్కువై వస్తుందట. మొదటిదానికి మందు లేదు. రెండోదానికి మాత్రం నిజంగా గొప్ప కావ్యం తగిలితే గుణం కనిపిస్తుందట. రెండోవాడు సతృణాభ్యవహారి. పేరు నోరు తిరగదుగాని అర్థం సులువే. గడ్డీగాదంతో సహా తినేసేవాడు. వీడికి అన్నీ అద్భుతాలే. మూడోవాడు మత్సరి. మంచి ఎక్కడుందో వీడికి అందరికన్నా ముందే తెలుస్తుంది, అందుకే నోరు మెదపడు. నాలుగోవాడు తత్త్వాభినివేశి. వున్నదేదో వున్నట్టు చూడాలనే పట్టుదల వున్నవాడు. ఇలాంటివాడు వేయిమందిలో ఒకడు దొరికితే గొప్ప అన్నాడు రాజశేఖరుడు. ఆనాటి లెక్క అది. ఈనాటి లెక్క మీరే వేసుకోండి.

ఈ నలుగురిలో ఎక్కువ హాని చేసేది ఎవరు? మత్సరి అని చాలామంది అంటారు. నాకు మాత్రం ఆ గడ్డితినే పెద్దమనిషి మీదే అనుమానం. మత్సరి కనీసం పుస్తకం చదువుతాడు, చదవకపోతే కడుపుమంట ఎలా వస్తుంది? పుస్తకావిష్కరణ సభల్లో శాలువా కప్పించుకుని, అట్ట మీద పేరు చూసి, "ఇది తెలుగు సాహిత్యంలో మైలురాయి" అనే ఆయనకు ఆ అవసరం కూడా లేదు. మన దారినిండా మైలురాళ్ళే. నడిచేవాడు ఎంతదూరం వచ్చాడో తెలుసుకోలేకుండా వున్నాడు.

సరే, మనిషి మంచివాడే, చదివే ఓపికా వుంది. ఎలా చదవాలి? ఇక్కడే కొలతల తగాదా మొదలవుతుంది. పాలను సోలతో కొలవాలి, బట్టను గజంతో కొలవాలి. సోల పట్టుకుని బట్టల కొట్టుకు వెళ్ళేవాణ్ణి చూసి నవ్వుతాం. సాహిత్యంలో మాత్రం అలా వెళ్ళేవాణ్ణి పండితుడంటాం!

1914లో కట్టమంచి రామలింగారెడ్డి గారు 'కవిత్వతత్త్వ విచారము' ప్రకటించారు. కేంబ్రిడ్జిలో చదువుకుని వచ్చిన మనిషి. పింగళి సూరన 'కళాపూర్ణోదయా'న్ని ముందు పెట్టుకుని, కథ ఎలా అల్లుకుందో, పాత్రలు ఎలా నడిచాయో అడిగారు. వర్ణనల బరువు కింద కథ నలిగిపోయిన ప్రబంధాలను మొహమాటం లేకుండా తప్పుపట్టారు. అంతవరకూ అలంకారాలూ, వ్యాకరణమూ చూసి తృప్తిపడుతున్నవాళ్ళకు అది కొత్త కిటికీ తెరిచినట్టయింది. అదే సమయంలో, "వర్ణన కోసమే పుట్టిన ప్రబంధాన్ని కథ చాలలేదని కొట్టడం ఏమి న్యాయం?" అని అడిగేవాళ్ళకూ అవకాశం దొరికింది. రెండు పక్షాల్లోనూ పస వుంది. బయటినుంచి కొలబద్ద తేవడం తప్పు కాదు. తెచ్చిన సంగతి మరిచిపోయి, ఇది ఆ వస్తువుతోపాటే పుట్టిన కొలత అనుకుంటేనే చిక్కు.

ఆ తరవాత కొలబద్దలకు కరువు రాలేదు. రచయిత జీవితం చూడాలన్నారు. కాలం చూడాలన్నారు. వర్గం చూడాలన్నారు. మనసు లోతుల్లో దాగిన కోరికలు చూడాలన్నారు. స్త్రీని ఎలా చూపించాడో చూడాలన్నారు. 1946లో విమ్సాట్, బియర్డ్‌స్లీ అనే ఇద్దరు అమెరికన్లు, రచయిత ఏమనుకుని రాశాడన్నది మనకు అక్కర్లేదు, రాసింది చూస్తే చాలన్నారు. 1967లో రోలాఁ బార్త్ అనే ఫ్రెంచి ఆయన ఇంకో అడుగు ముందుకేసి రచయిత చనిపోయాడని ప్రకటించేశాడు. నిజం మనిషి కాదులెండి. రచన మీద రచయిత పెత్తనం పోయిందని ఆయన భావం. ఇన్ని దారులు వింటే మామూలు పాఠకుడికి కళ్ళు తిరుగుతాయి. అంచేత దారులన్నీ పక్కనపెట్టి, మనందరికీ తెలిసిన ఒక్క ఇంటికి వెళదాం. 'కన్యాశుల్కం' ఇంటికి.

కాలం చూడాలనే ఆయనను ముందు లోపలికి పిలుద్దాం. ఆయన చేతిలో ఒక అంకె వుంటుంది. 1897 నాటి తొలి కూర్పుకు గురజాడ రాసిన ముందుమాటలో విజయనగరం మహారాజా తయారు చేయించిన ఒక జాబితా ప్రస్తావన వుంది. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాలు 1,034. అందులో అయిదేళ్ళ పిల్లలూ, అంతకన్నా చిన్నపిల్లలూ వున్నారు. ఈ అంకె తెలియకుండా నాటకం చదివితే సుబ్బి పెళ్ళి ఒక హాస్యకథ. తెలిసి చదివితే నవ్వు సగంలో ఆగుతుంది. కాబట్టి చరిత్ర చదవక్కర్లేదనేవాడు మనల్ని ఏదో పోగొట్టుకోమంటున్నాడు.

రెండో ఆయన రచయిత ఉద్దేశం ఏమిటంటాడు. ఇదీ ముందుమాటలోనే వుంది. సంఘసంస్కారం ఒకటి, తెలుగుభాష నాటకానికి పనికిరాదనే అపోహను పోగొట్టడం ఒకటి. బాగానే వుంది. కాని అదే గురజాడ 1909లో నాటకాన్ని బాగా తిరగరాశాడు. మధురవాణి పాత్ర పెరిగి పెద్దదయింది. ఏ ఉద్దేశాన్ని పట్టుకుందాం? 1897 నాటిదా, 1909 నాటిదా? కన్యాశుల్కం ఆచారం పోయి ఎన్నాళ్ళయినా నాటకం పోలేదెందుకు? ముందుమాటలో చెప్పిన పని అయిపోయాక కూడా ఈ మనుషులు మనతో మాట్లాడుతూనే వున్నారంటే, రచయిత చెప్పదలచుకున్నదానికన్నా రచన ఎక్కువే చెప్పిందన్నమాట.

మూడో ఆయన రసం ఏదంటాడు. హాస్యం అని పదిమందీ అంటారు. శ్రీశ్రీ మాత్రం దీన్ని బీభత్సరస ప్రధానమైన విషాదాంత నాటకం అన్నాడు. విన్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు. గిరీశం వున్న నాటకం విషాదమేమిటి?

నాకు ఈ మాట వినగానే మా మేనత్త గుర్తొస్తుంది. ఆవిడ చదువు పెద్దబాలశిక్ష దాటి వారపత్రికల దాకా వచ్చి ఆగింది. ఒక సాయంత్రం ఇంట్లో పిల్లలం కన్యాశుల్కం పైకి చదువుకుంటూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాం. చిన్నకూతుర్ని కూడా ముసలివాడికి కట్టబెడతానని అగ్నిహోత్రావధాన్లు మొండికేస్తే వెంకమ్మ నూతిలో దూకుతుంది, గోలగోలవుతుంది. ఆ గోలకూ మేం నవ్వుతున్నాం. అత్తయ్య బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి, "మీకు నవ్వెలా వస్తోందిరా? పెద్దపిల్ల బుచ్చమ్మ వితంతువై ఇంట్లో తిరుగుతోందా? ఆ తల్లి రోజూ దాన్ని చూస్తూనే వుందా? రెండోదాన్ని కూడా అలా చూడలేకే గదా దూకింది!" అంది. మేం నవ్వు ఆపేశాం. ఆవిడ చేట దగ్గరికి లాక్కుని మళ్ళీ బియ్యం ఏరుకుంది.

ఆవిడకు బీభత్సమంటే ఏమిటో, విషాదాంతమంటే ఏమిటో తెలియదు. శ్రీశ్రీ పేరు సినిమా పాటల ద్వారా తెలుసునేమో. అయినా ఇద్దరూ వేరువేరు దారుల్లో నడిచి ఒకే నూతి దగ్గరికి చేరుకున్నారు. ఆవిడ దగ్గర సిద్ధాంతం లేదుగాని సాక్ష్యం వుంది. పుస్తకంలో అక్షరాలా వున్న ఒక ఇల్లు, ఒక తల్లి, ఒక కూతురు. అందుకే నలుగురు పిల్లలకు మళ్ళీ నవ్వడానికి ధైర్యం చాలలేదు.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. ఇన్ని దారులూ ఒప్పే అయితే, ఎవడు ఏమన్నా ఒప్పేనా? "ఎవరి అభిరుచి వారిది" అనే మాట మనం తగాదా తెగ్గొట్టడానికి వాడుతుంటాం. అది మర్యాద మాటేగాని నిజం మాట కాదు. గిరీశం నిజమైన సంస్కర్త అనీ, గురజాడ అతణ్ణి ఆదర్శపురుషుడుగా నిలబెట్టాడనీ ఎవరైనా అంటే, దాన్ని అభిరుచి అని వదిలెయ్యడానికి లేదు. "పుస్తకం తెరువు, ఏ అంకంలో వుందో చూపించు" అనవచ్చు. దారులు ఎన్నయినా వుండవచ్చు, అన్నీ పుస్తకంలోకే వెళ్ళాలి. మంచి విమర్శ విన్న వెంటనే మనకు ఆ పుస్తకం మళ్ళీ తెరవాలనిపిస్తుంది. తెరిస్తే, ఆయన చెప్పింది అక్కడ కనిపిస్తుంది. ఇన్నాళ్ళూ మన కళ్ళముందే వుండి కనిపించనిది. చెడు విమర్శ వింటే ఇక పుస్తకం తెరవక్కర్లేదనిపిస్తుంది. నా దగ్గరున్న కొలత ఇదొక్కటే.

అసలు విశేషమేమిటంటే, కన్యాశుల్కం తానే ఒక విమర్శ పాఠం. ఒక్కసారి ఆ కోణంలో చూడండి. అందులో ఎవరూ ఎవరినీ సరిగా చదవరు. లుబ్ధావధాన్లు ఆడవేషం వేసిన కుర్రవాణ్ణి పెళ్ళికూతురనుకుంటాడు. అగ్నిహోత్రావధాన్లు గిరీశం ఇంగ్లీషు విని బోల్తాపడతాడు. బుచ్చమ్మ అతని మాటలు నమ్మి ఇల్లు విడిచి వెళుతుంది. అందరికన్నా చదువుకున్నవాడు, మంచివాడు, న్యాయం తెలిసినవాడు సౌజన్యారావు పంతులు. వకీలు. ఆయన కూడా ఇద్దరిని చదవడంలో పొరబడ్డాడు. గిరీశాన్ని శిష్యుడుగా దగ్గరికి తీశాడు. వేశ్యాజాతి మొత్తాన్ని, ఒక్కరితోనైనా మాట్లాడకుండానే, దూరం పెట్టాడు.

గిరీశం అంటే ఏమిటి? గొప్ప ముందుమాట వున్న పుస్తకం. లోపల పేజీలు చూడకుండా ముందుమాట చదివినవాళ్ళంతా మోసపోయారు. మధురవాణి అంటే ఏమిటి? అట్ట చూసి పక్కన పెట్టేసిన పుస్తకం. విమర్శకుడు చెయ్యగలిగిన రెండు అన్యాయాలూ ఈ ఒక్క మంచిమనిషి చేతనే చేయించాడు గురజాడ. చెడ్డవాడి చేత చేయిస్తే పాఠం వుండేది కాదు.

ఇప్పుడు ఏడో అంకం గుర్తు తెచ్చుకోండి. లేని పెళ్ళికూతుర్ని చంపాడనే నేరం లుబ్ధావధాన్లు మెడకు చుట్టుకుంది. అసలు సంగతి మధురవాణికి తెలుసు. ఆ సంగతి చెప్పాలంటే సౌజన్యారావు దగ్గరికి వెళ్ళాలి. ఆయన వేశ్యల మొహం చూడడు. అంచేత ఆమె మగవేషం వేసుకుని వెళుతుంది. ఆ 'మగవాడి'తో ఆయన చక్కగా మాట్లాడతాడు. తెలివిని గుర్తిస్తాడు. వాదనకు దిగుతాడు. ఒక మనిషి మాటను మాటగా విన్నాడన్నమాట. ఆ తరవాత వేషం తొలగిపోయి, వచ్చింది ఎవరో బయటపడుతుంది. అప్పుడు మొదలవుతుంది చిక్కు. మాటలు అవే. తెలివి అదే. మారింది పేరు ఒక్కటే.

కన్యాశుల్కం రెండో కూర్పు వచ్చిన ఇరవయ్యేళ్ళకు, 1929లో, ఐ. ఎ. రిచర్డ్స్ అనే ఇంగ్లీషు ఆచార్యుడు 'ప్రాక్టికల్ క్రిటిసిజం' అనే పుస్తకం వేశాడు. కేంబ్రిడ్జి విద్యార్థులకు ఆయన కొన్ని పద్యాలు ఇచ్చేవాడు, కింద కవి పేరు లేకుండా. చదివి మీకు తోచింది రాయమనేవాడు. అలా పదమూడు పద్యాల మీద వచ్చిన రాతలను అచ్చులో పెట్టాడు. పరీక్షల్లో పేరున్న కవులను పొగిడి మార్కులు తెచ్చుకున్న పిల్లలే, పేరు కనపడకపోయేసరికి జాన్ డన్, హాప్కిన్స్ లాంటివాళ్ళ పద్యాలకు మొహం చిట్లించారు. ఊరూపేరూ అంతగా లేని కవుల పద్యాలను నెత్తిన పెట్టుకున్నారు. వాళ్ళ రాతలు తిరగేసి చూస్తే, చాలామంది ఎదుటనున్న పద్యాన్ని చదవలేదని రిచర్డ్స్ గ్రహించాడు. తమ దగ్గర ముందే నిలవ వున్న స్పందనలను తీసి వడ్డించారు. జాడీలో ఊరగాయలాగ. అమ్మ అన్న మాట కనపడితే కన్నీరు, దేవుడన్న మాట కనపడితే భక్తి, లేదా చిరాకు. ఆ పూట కూర రుచి చూడకుండా ఊరగాయతోనే భోజనం కానిచ్చేశారు.

రిచర్డ్స్ గారు పిల్లలకు పెట్టిన పరీక్షను, మన మధురవాణి అంతకుముందే ఒక వకీలుకు పెట్టిందనిపిస్తుంది నాకు. పేరు దాచింది, మాట వినిపించింది, తరవాత పేరు చెప్పింది. తేడా ఏమిటంటే, కేంబ్రిడ్జిలో తప్పు తీర్పు చెబితే పోయేది ఒక పద్యం పరువు. విశాఖపట్నంలో తప్పు తీర్పు చెబితే ఒక ముసలివాడు చెయ్యని హత్యకు శిక్షపడాలి. ఆ ముసలివాడు మంచివాడు కాదు నిజమే. కాని హంతకుడు కాదు. ఇష్టం లేనివాడికి కూడా న్యాయం జరగాలి. విమర్శకుడికి ఇంతకన్నా మంచి పాఠం ఏం కావాలి?

అయితే పేరు దాచి చదివితే చాలునా? కథల పోటీల్లో వున్న ఆచారమే కదా, పేరు తీసేసి న్యాయనిర్ణేతలకు పంపడం. చాలునని కొందరంటారు. నేను ఒప్పుకోలేను. కారణం మళ్ళీ ఆ రంగంలోనే వుంది. నిజం చెప్పడానికి ప్రతిఫలంగా మధురవాణి ఒక ముద్దు అడుగుతుంది. సౌజన్యారావు తన వ్రతానికీ, ఒక మనిషి ప్రాణానికీ మధ్య నలిగి చివరికి సిద్ధపడతాడు. అప్పుడు ఆమే వద్దంటుంది. చెడనివారిని చెడగొట్టవద్దని తల్లి చెప్పిన మాట వుందంటుంది. ఈ మాట మగవేషంలో వున్న పెద్దమనిషి అని వుంటే అది ఒక సుభాషితం. నలుగురూ తల వూపి మరిచిపోయేవారు. వేశ్య నోట, వేశ్య అయిన తల్లి చెప్పిన మాటగా వచ్చింది కనుక, సౌజన్యారావు ఇన్నాళ్ళు కట్టుకున్న గోడ పగిలింది. పేరు తెలియకపోతే ఆ మాటకు సగం బరువు లేదు.

కాబట్టి పేరు అడ్డమూ అవుతుంది, వెలుతురూ అవుతుంది. ఎప్పుడు తెలుసుకుంటామన్నదే ప్రశ్న. పేరు ముందు వినపడితే మాట వినపడదు. మాట విన్నాక పేరు తెలిస్తే, మాట లోతు పెరుగుతుంది. పొలం పనికి వెళ్ళే ఆడమనిషి రాసిన కథ అనగానే జాలితో మెచ్చుకోవడం ఒక అన్యాయం. ఎవరు రాస్తే మాత్రమేం అని, ఆమె ఏ నేలమీద నిలబడి మాట్లాడుతోందో తెలుసుకోకపోవడం మరో అన్యాయం. అంచేత విలువైన రచనను రెండుసార్లు చదవాలి. మొదటిసారి ఎవరిదో తెలియనట్టు. రెండోసారి అంతా తెలిసి. కొలబద్దలూ, చరిత్రా, వర్గమూ, ముందుమాటా అన్నీ రెండోసారికి. మొదటిసారికి చెవులు చాలు.

మన సాహిత్యలోకంలో జరిగేది దీనికి తలకిందులు. పుస్తకం చేతికి రాగానే వెనక అట్ట తిప్పుతాం. ఏ వూరు? ఏ కులం? ఏ సంఘం? ముందుమాట ఎవరిది? అంకితం ఎవరికి? ఈ ఆరా పూర్తయ్యేసరికి తీర్పు కూడా పూర్తయిపోతుంది. తరవాత పుస్తకం చదివినా, అది సాక్షుల విచారణ కాదు, ముందే రాసుకున్న తీర్పుకు సాక్ష్యాలు ఏరుకోవడం. "ఆయన మనవాడు" అని మెచ్చుకున్నా, "ఆయన వాళ్ళవాడు" అని తెగిడినా, నష్టపోయేది పుస్తకం కొని చదివే మూడోవాడు. అతనికి ఎవరూ ఏమీ కారు. అతనికి కావలసింది మంచి పుస్తకం.

ఇలా అంటే విమర్శకుడు మెత్తగా వుండాలంటున్నానని అనుకోకండి. వినడం వేరు, ఒప్పుకోవడం వేరు. పూర్తిగా విన్నవాడికే గట్టిగా కాదనే హక్కు వుంటుంది. నాసిరకం పుస్తకాన్ని నాసిరకం అనకపోవడం దయ కాదు, మంచి పుస్తకానికి ద్రోహం. రెంటికీ ఒకే శాలువా కప్పితే శాలువాకు విలువేముంది? అయితే బాగులేదనేవాడు ఎక్కడ బాగులేదో వేలు పెట్టి చూపించాలి. అలా చూపిస్తే రాసినవాడు బాధపడ్డా, రాత్రికి ఒంటరిగా కూర్చుని ఆ పేజీ మళ్ళీ చూసుకుంటాడు. చూపించకుండా వెక్కిరిస్తే, రెండోసారి రాయడు. రాయకుండా పోయినవాళ్ళ జాబితా ఏ సాహిత్యచరిత్రలోనూ వుండదు కనుక, ఆ నష్టం ఎంతో ఎవరికీ తెలియదు.

ఈ నిగ్రహానికి మన దగ్గరే ఒక పెద్ద వున్నాడు. మెదక్ సీమలోని కొలిచెలమ, నేటి కొల్చారం, ఇంటిపేరుగా గల మల్లినాథసూరి. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ దానికి 'సంజీవని' అని పేరు పెట్టాడు. ఎందుకంటే, చెడు వ్యాఖ్యల విషం సోకి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందట. తాను దానికి మందు వేస్తున్నాడట. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. కోర్టులో సాక్షి చేసే ప్రమాణం లాంటిది. అంత పాండిత్యం వుండి, దాన్ని ప్రదర్శించనని ముందే మాటివ్వడం చూస్తే, పుస్తకం పట్ల ఆయనకున్న మర్యాద ఎంతటిదో తెలుస్తుంది. ఆరేడు వందల ఏళ్ళుగా కాళిదాసును చదవబోయేవాడు ముందు ఆయన చెయ్యి పట్టుకునే లోపలికి వెళుతున్నాడు.

మనకు అంత పాండిత్యం అక్కర్లేదు. వ్యాఖ్యలు రాయబోవడం లేదు. కాని రోజూ తీర్పులు చెబుతూనే వుంటాం కదా. పక్కింట్లో కొత్తగా దిగినవాళ్ళ గురించి, పెళ్ళిచూపుల్లో పదినిమిషాలు కనిపించిన అమ్మాయి గురించి, మన మాట వినని కొడుకు గురించి. సగం పేజీ చదివి మొత్తం పుస్తకం మీద చెప్పే తీర్పులే అవన్నీ. కథ చదవడంలో ఓపిక పట్టడం అలవాటైనవాడు మనిషి దగ్గర కూడా ఓపిక పడతాడని నేను హామీ ఇవ్వలేను. పెద్దపెద్ద సహృదయులు ఇంట్లో కోడలి మాట వినకపోవడం మనం చూడనిదేమీ కాదు. కాని అభ్యాసం ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి గదా. పుస్తకం దగ్గర మొదలుపెట్టడం తేలిక. పుస్తకం అలగదు, ఎదురు చెప్పదు, రేపు మళ్ళీ తెరిస్తే అవే మాటలు అంతే ఓపికగా మళ్ళీ చెబుతుంది.

మీ అలమారులో ఎప్పుడో పది పేజీలు చదివి, "ఇది మనకు పట్టదు" అని పక్కన పెట్టిన పుస్తకం ఒకటి వుండే వుంటుంది. ఈ ఆదివారం భోజనాలయ్యాక దాన్ని బయటికి తీయండి. అట్ట మీద పేరు కనపడకుండా పాత క్యాలెండరు కాగితం తొడగండి. పదకొండో పేజీ నుంచి కాదు సుమా, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టండి.